మాల తీశాక ఆ ప్రశాంతత ఎందుకు నిలబడట్లేదు?

గంటస్వామి_గోదావరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఎవరినైనా అడగాలనుకుంటున్న విషయం ఇది. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నాకు 36 ఏళ్ళు. మాది రాజమండ్రి దగ్గర పల్లెటూరు, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో సేల్స్ ఉద్యోగం. మొన్న మూడోసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు దీక్ష చేసి, ఇరుముడి కట్టుకుని, శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చాం. అమ్మ చేతుల మీదుగా మాల తీయించుకుని మూడు వారాలైంది.

ఆ 41 రోజులు నేను ఎలా ఉన్నానో చెప్పాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి చన్నీళ్ళ స్నానం. మొదటి వారం చెంబు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయేది, ముందు కాళ్ళ మీద, తరవాత భుజం మీద పోసుకుని, ఊపిరి బిగబట్టి అప్పుడు తల మీద పోసుకునేవాణ్ణి. పదో రోజుకల్లా అలారం మోగకముందే మెలకువ వచ్చేసింది. చాప మీద పడుకున్నా ఒళ్ళు తెలియని నిద్ర. ఒక్క పూట భోజనం, రాత్రికి పలహారం. రోజుకి ఎనిమిది సిగరెట్లు తాగేవాణ్ణి, మాల పడ్డ రోజు నుంచి ఒక్కటి ముట్టలేదు. ఆఫీసులో టార్గెట్లు అవే, మేనేజరు అరుపులు అవే, కానీ నాకు టెన్షన్ లేదు. కోపం రాలేదని కాదు, వచ్చినా నోటిదాకా వచ్చేది కాదు.

మాల తీసిన సాయంత్రమే వీధి చివర టీ కొట్టు దగ్గర స్నేహితుడు సిగరెట్ ఇచ్చాడు, తీసుకున్నాను. నాలుగో రోజుకి మళ్ళీ ఎనిమిది. ఇప్పుడు పొద్దున ఎనిమిదైనా లేవలేకపోతున్నాను, రాత్రి ఒంటిగంట దాకా ఫోను. మొన్న ఏదో చిన్న విషయానికి పాప మీద గట్టిగా అరిస్తే మా ఆవిడ ఒకే మాట అంది: "స్వామిగా ఉన్నప్పుడే బాగుంటారు మీరు." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

నేను అడిగేది ఇదీ. ఆ సంతోషం అయ్యప్ప ఇచ్చిందా, నియమం ఇచ్చిందా? నియమమే ఇస్తే, అదే మనిషిని, అదే ఇంట్లో ఉన్నాను, మాల లేకుండా నాకెందుకు చేతకావట్లేదు? మళ్ళీ కార్తీకం దాకా ఇలాగే ఉండాలా? సమాధానం తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


పాత_గురుస్వామి

స్వామీ, మూడోసారి వెళ్ళొచ్చినవాడికి ఈ బాధ కలిగిందంటే మంచిదే. నేను 18వ ఏడు కొబ్బరి మొక్క పట్టుకెళ్ళి నాటి వచ్చినవాణ్ణి, మొదటి ఆరేడేళ్ళు నాదీ అచ్చం నీ కథే. నవంబరులో దేవుడు, జనవరిలో మామూలు మనిషి.

దేవుడా నియమమా అని నన్నడిగితే నేను విడదీసి చెప్పలేను. సన్నిధానంలో గుడి ముందు రాసి ఉన్న మాట చూసే ఉంటావు, తత్త్వమసి. నువ్వు వెతుక్కుంటూ వచ్చింది నీలోనే ఉందని చెప్పడానికే ఆ మాట అక్కడ పెట్టారని మా గురుస్వామి చెప్పేవారు. ఆ రోజుల్లో నాకు తలకెక్కలేదు.

రెండో సంగతి కాస్త జాగ్రత్తగా విను. దీక్షలో ఉన్నప్పుడు నీ చేత సిగరెట్ మాన్పించింది నీ పట్టుదల ఒక్కటే అనుకోవద్దు. నల్లబట్టలు కట్టుకున్నవాడికి పాన్‌షాపు అతనే సిగరెట్ ఇవ్వడు. ఆఫీసులో బాసు కూడా స్వామీ అంటాడు, ఆ పిలుపు చెవిన పడ్డాక నోరు జారడం కష్టం. పొద్దున పూజకి పదిమంది స్వాములు ఎదురు చూస్తుంటారు, నువ్వు లేవకపోతే తలుపు కొడతారు. నీ రోజు మొత్తానికి చుట్టూ ఒక పందిరి వేసి ఉంటుంది. మాల తీసిన పూటే ఆ పందిరి అంతా ఒక్కసారిగా పీకేస్తారు. తీగ కింద పడిందంటే తీగలో బలం లేదనా? పందిరి లేదు, అంతే.

అందుకని ఏం చెయ్యాలంటే, 41 రోజుల నియమాలన్నీ ఏడాది పొడుగునా పాటిస్తానని మాత్రం పూనుకోకు. నేను ఒకసారి అలా చేశాను, చాప, ఒంటిపూట, చన్నీళ్ళు, అన్నీ. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పెళ్ళి తగిలింది, ఒకటి తప్పాను, ఒకటి తప్పగానే ఇంకేముందిలే అని అన్నీ వదిలేశాను. ఆ మరుసటి ఏడు ఒక్కటే ఉంచుకున్నాను. సూర్యోదయానికి ముందు స్నానం చేసి దీపం పెట్టడం. అంతే, ఇంకేం లేదు. పూజ రెండు నిమిషాలు. ఊరెళ్తే లాడ్జిలో దీపం కుదరదు, స్నానం చేసి తూర్పు వైపు తిరిగి నిలబడేవాణ్ణి. జ్వరం వస్తే కాళ్ళు, మొహం కడుక్కుని నిలబడేవాణ్ణి. చిన్నదైనా సరే, ఏదో ఒక రూపంలో జరగాలి. దాదాపు రెండేళ్ళు ఆ ఒక్కదాని మీదే ఉన్నాను, తరవాతే నడక జతైంది, ఆ తరవాత చాలా ఏళ్ళకి రాత్రి భోజనం తగ్గింది.

ఇంకోటి. ఈ రోజు సంతోషంగా ఉన్నానా లేదా అని రోజూ లెక్క చూసుకోకు. విత్తనం వేసిన మడిని రోజూ తవ్వి చూస్తే మొలక రాదు.


మందుల_కొట్టు

స్వామి గారూ, సిగరెట్ విషయం ఒక్కటి నేను చెప్తాను, 20 ఏళ్ళుగా ఫార్మసీలో ఉన్నాను. పొగాకు మానేసినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం మొదటి వారంలో బాగా ఎక్కువగా ఉండి, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. అంటే 41వ రోజుకి మీ ఒళ్ళు ఆ కష్టం దాటేసింది. అసలు కష్టమైన భాగం మీరు మూడుసార్లు దాటారు! ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఒక్కటి ముట్టించకుండా ఉంటే చాలేది. తిట్టడానికి చెప్పట్లేదు, మీకు చేతనవుతుందని మీరే మూడుసార్లు రుజువు చేశారని చెప్తున్నాను. సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 నంబరు ఉచితం, కాల్ చేస్తే కౌన్సెలింగ్ ఇస్తారు. సిగ్గుపడకుండా చెయ్యండి.

అలవాటు 21 రోజుల్లో పడుతుందని అందరూ అంటారు కదా, అది నమ్మి చాలామంది నిరాశపడతారు. లండన్‌లో 96 మందితో చేసిన ఒక పరిశోధన 2010లో అచ్చయింది. అందులో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా కనిపించింది. మధ్యలో ఒక రోజు తప్పినందువల్ల పెద్ద నష్టమేమీ లేదని కూడా అందులోనే తేలింది. గురుస్వామి గారు చెప్పిన పెళ్ళి సంగతి చదివాక ఇది గుర్తొచ్చింది.

చివరగా ఒక మాట. రెండు వారాలు దాటినా ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పూర్తిగా దెబ్బతినడం, బతుకు మీదే విరక్తి, ఇలాంటివి ఉంటే అది క్రమశిక్షణ లేకపోవడం కాదు, జబ్బు. అలాంటివాళ్ళని పొద్దున్నే లే, చన్నీళ్ళు పోసుకో అని పోరితే ఇంకా కుంగిపోతారు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, లేదా 14416కి కాల్ చెయ్యాలి, ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. మీరు రాసింది చదివితే మీకు అలా ఉన్నట్టు అనిపించలేదు, కానీ ఇది చదివే ఇంకెవరికైనా అవసరం కావచ్చు.


సరళీ_వరుస

తమ్ముడూ, నీ పోస్టులో మీ ఆవిడ అన్న మాట చదివి ఆగిపోయాను. నేను ఒక స్వామి భార్యని, 11 సార్లు మాల వేసుకున్న ఇల్లు మాది. నాకు తోచింది కొంచెం సూటిగా చెప్తాను, అక్కగా అనుకుని విను.

నువ్వు నాలుగున్నరకి లేచావు. మీ ఆవిడ ఎన్నింటికి లేచిందో రాయలేదు. మా ఇంట్లో అయితే నేను మూడున్నరకి లేచి, తలస్నానం చేసి, పీఠం దగ్గర తుడిచి ముగ్గేసి, పూలు సర్ది, ఆయన స్నానం చేసి వచ్చేసరికి ప్రసాదం పొయ్యి మీద ఉంచేదాన్ని. మడిగా వంట, పిల్లల బాక్సులు వేరే. స్వాముల్ని భిక్షకి పిలిస్తే ఇరవై మందికి వంట. భక్తితోనే చేశాను, ఒక్కరోజు విసుక్కోలేదు. కానీ గురుస్వామి గారు చెప్పిన ఆ పందిరికి రాటలు పాతింది ఎవరో కూడా చెప్పుకోవాలి కదా. నీకు ఆ ప్రశాంతత మళ్ళీ కావాలంటే ఈసారి ఆ పనిలో కొంతైనా నీ చేతులతో నువ్వే చెయ్యాలి. ఊరికే వచ్చింది ఊరికే పోతుంది.

ఇక నా సంగతి. పిల్లలు కాలేజీకి వెళ్ళాక, 43వ ఏట నేను సంగీతం మొదలుపెట్టాను. చిన్నప్పుడు మా నాన్న నేర్పించలేకపోయారు, ఆ కోరిక అలాగే ఉండిపోయింది. మా వీధిలోనే ఒక టీచరమ్మ ఉన్నారు, వారానికి రెండు రోజులు పాఠం, ఇంట్లో రోజూ 40 నిమిషాల సాధన. మధ్యాహ్నం మూడింటికి వంటింటి పక్క గది తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. ఆ 40 నిమిషాల్లో ఎవరు పిలిచినా పలకనని ఇంట్లో ముందే చెప్పాను.

సరళీ వరుసలంటే మీకు తెలిసే ఉంటుంది, మాయామాళవగౌళలో స రి గ మ ప ద ని స, మళ్ళీ కిందికి. వినడానికి ఇంత తేలికైనది లేదు. పాడితే తెలుస్తుంది. ఆ రాగంలో రి సకి దగ్గరగా ఆనుకుని ఉంటుంది, ఆ తరవాత గ దూరంగా ఎక్కడో మ పక్కన ఉంటుంది. నా రి రోజూ పైకి జారిపోయేది. టీచరమ్మ ఏమీ అనకుండా "మళ్ళీ" అనేవారు. చేత్తో ఆదితాళం, ఒక దెబ్బ, తరవాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఆ తరవాత దెబ్బ విసురు, దెబ్బ విసురు. గొంతు మీద మనసు పెడితే వేళ్ళు తప్పేవి, వేళ్ళు చూసుకుంటే గొంతు తప్పేది. అందరూ మూడో కాలం, అంటే బాగా వేగంగా పాడేది, కష్టం అనుకుంటారు, నాకు మాత్రం నెమ్మదిగా పాడే ఒకటో కాలమే చుక్కలు చూపించింది. ఒక్కో స్వరం మీద అలా నిలబడాలి, ఊపిరి చాలదు, వణుకు బయటపడిపోతుంది, దాక్కోవడానికి చోటుండదు.

మొదటి నాలుగు నెలలు సంతోషం ఏమీ లేదు, ఉన్నమాట చెప్తున్నాను. రోజూ ఆ తలుపు వేసుకోవాలంటే బరువుగా ఉండేది. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, వాన పడి ఆగింది, తంబురా పెట్టుకుని అయిదు శ్రుతిలో స పట్టుకున్నాను. ఒక్క క్షణం నా గొంతు ఏది, తంబురా ఏది తెలియలేదు. చెవుల వెనక, ఛాతీ లోపల ఒకే మోత. బహుశా మూడు నాలుగు సెకన్లు ఉంటుంది. తరవాత పోయింది. నేను అలా కూర్చుండిపోయాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నాకు ఎవరూ ఇవ్వలేదు, మా ఆయన కొనిపెట్టింది కాదు, పిల్లలు తెచ్చింది కాదు. నా 40 నిమిషాలు తెచ్చింది.

ఇప్పుడు జంట వరుసలు, అలంకారాలు అయిపోయి మలహరి గీతాల్లో ఉన్నాను. కచేరీ చేసేది లేదు, చెయ్యాలనీ లేదు. కానీ మూడు గంటలవుతుంటే ఆ గది వైపు నా కాళ్ళే వెళ్తాయి. మీరు అడిగినదానికి నాకు తెలిసిన సమాధానం ఇదే. మానేయడం మీదే నియమం పెట్టుకుంటే, సిగరెట్ మానాలి, ఫోను మానాలి అని, చేతులు ఖాళీగా ఉండి మనసు అక్కడే తిరుగుతుంది. చెయ్యడానికి ఒక పని పెట్టుకో. రోజురోజుకీ కాస్త మెరుగవుతున్నట్టు నీకు నువ్వే కనిపెట్టగలిగే పని అయ్యుండాలి.


గంటస్వామి_గోదావరి

అక్కా, ఆ మూడున్నర మాట నాకు తట్టనే లేదు. రాత్రి మా ఆవిడని అడిగాను ఎన్నింటికి లేచేదానివని. "మీకెందుకిప్పుడు" అని నవ్వి, తరవాత చెప్పింది, మూడుంబావుకి అట. నేను నిద్ర లేచేసరికి దీపం దగ్గర అన్నీ సర్ది ఉండేవి, అవి ఎలా వచ్చాయో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. చాలా బాధనిపించింది.

గురుస్వామి గారూ, ఒక్కటి ఉంచుకోమన్నారు. ఏది ఉంచుకోవాలో ఎలా తెలుస్తుంది?


పాత_గురుస్వామి

ఏది చేసినప్పుడు ఆ రోజు మిగతాదంతా కాస్త దారిలో పడిందో అది. నీ పోస్టులో నువ్వు అన్నిటికన్నా ముందు రాసింది, అన్నిటికన్నా ఎక్కువ రాసింది ఏదో ఒకసారి చదువుకో.


కరీంనగర్_గ్రౌండ్

అన్నా నమస్తే, నాకు 27 ఏళ్ళు. నేను దీక్షలు చెయ్యలేదు కానీ కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 2022 నోటిఫికేషన్‌కి ప్రిపేర్ అయ్యాను. మాకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. గ్రౌండులో నాలుగు రౌండ్లు. మొదటి రోజు రెండో రౌండుకే డొక్కలో పట్టేసి కూర్చున్నాను, ఎలాగో పూర్తి చేస్తే 9:40 వచ్చింది. రోజూ పొద్దున అయిదింటికి వెళ్ళేవాణ్ణి. సెకన్లు నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి, 9:40, 9:31, మళ్ళీ 9:38, అలా. ఏడు నెలలకి 6:50 వచ్చింది. పరుగు పాసయ్యాను, చివరి పరీక్షలో మార్కులు చాలలేదు, ఉద్యోగం రాలేదు.

రెండు నెలలు గ్రౌండు వైపే పోలేదు. ఇంత కష్టపడి ఏం లాభమని మా నాన్నతో కూడా మాట్లాడలేదు. తరవాత ఒకరోజు నిద్ర పట్టక, పొద్దున్నే ఊరికే వెళ్ళి నాలుగు రౌండ్లు తిరిగాను, 7:30 వచ్చింది. ఇంటికి వస్తుంటే ఎన్ని రోజుల తరవాతో ఆకలేసింది. ఉద్యోగం కోసమే పరుగెత్తుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కానీ ఆ ఏడు నెలలు నేను బాగున్నానన్న సంగతి మానేశాకే తెలిసింది. ఇప్పుడు మా మామయ్య హార్డ్‌వేర్ షాపులో పని చేస్తూ మళ్ళీ చదువుతున్నాను. నోట్‌బుక్కు ఇంకా రాస్తూనే ఉన్నాను. మీరు కూడా రాయండి అన్నా, తేదీ వేసి, చేశాను చెయ్యలేదు అని ఒక్క ముక్క చాలు.


కర్నూలు_భాయ్

అన్నా, రంజాన్ అయ్యాక మాకూ ఇదే. నెలంతా తెల్లవారకముందే సహరీ భోజనానికి లేస్తాం, పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టం, సాయంత్రం ఇఫ్తార్‌కి ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్ళు గొంతులో దిగుతుంటే ఆ రుచి ఇంకెప్పుడూ రాదు. పండగైన వారానికే పాత పద్ధతి. మా అబ్బా మాత్రం ఏడాది పొడుగునా సోమవారం, గురువారం రోజా, అంటే ఉపవాసం, ఉంటారు, 60 దాటినా. ఎందుకు అబ్బా ఇంకా అంటే, నెల రోజులు నేర్చుకున్నది పదకొండు నెలల్లో మర్చిపోకుండా అన్నారు. నేను ఈ మధ్యే సోమవారాలు మొదలుపెట్టాను. వారానికి ఒక్కరోజు. మొదటి రెండు వారాలు మధ్యాహ్నం తల నొప్పి, ఇప్పుడు లేదు. మీరు కూడా బుధవారమో శనివారమో ఒకరోజు పెట్టుకుని చూడండి, ఆ రోజు పూర్తిగా స్వామిలాగే ఉండండి.


గంటస్వామి_గోదావరి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

గురుస్వామి గారు చెప్పినట్టు నా పోస్టు మళ్ళీ చదువుకున్నాను. చన్నీళ్ళ గురించే ఎక్కువ రాశాను. అదే ఉంచుకున్నాను, నాలుగున్నరకి కాదు, అయిదున్నరకి. స్నానం అయ్యాక దీపం దగ్గర తుడిచి, ఒత్తులు వేసి, దీపం పెట్టడం నా పని. మా ఆవిడని ఆరున్నర దాకా లేవొద్దని చెప్పాను. మొదటి రోజు నమ్మలేదు, లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఒత్తి సరిగ్గా వెయ్యడం నాకు రాలేదు, నూనెలో మునిగిపోయింది, తనే వచ్చి చూపించింది. ఇప్పుడు వస్తోంది.

పది రోజుల్లో రెండు రోజులు తప్పాను. తమ్ముడు చెప్పినట్టు పాప పాత నోట్సు వెనక తేదీలు వేసి రాస్తున్నాను, ఆ రెండు రోజులకీ ఎదురుగా "లేదు" అని ఉంది. సిగరెట్ ఇంకా పూర్తిగా పోలేదు, మూడుకి వచ్చింది, ఆ నంబరుకి నిన్న ఫోన్ చేశాను. 41 రోజులప్పటి ప్రశాంతత వచ్చిందా అంటే రాలేదు. కానీ నిన్న పొద్దున చెంబు ఎత్తినప్పుడు చెయ్యి ఆగలేదు.